చేత్తో తిప్పే లెన్సు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, ఆమె వంటింటి బల్ల మీదే కంప్యూటర్ తెరిచింది. ఆమె భర్త అమ్మకానికీ అద్దెకీ ఉన్న ఇళ్లలో గదుల ఫొటోలు తీస్తాడు. వాటిని దిద్ది బ్రోకరుకు పంపడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో మొదలైన ఈ ఏర్పాటు ఇన్నాళ్లూ సాఫీగానే సాగింది. ఈమధ్యే బ్రోకరు సణగడం మొదలుపెట్టాడు. ఫొటోలో సగం గదే కనిపిస్తోందట, జనం ఇల్లు ఇరుకనుకుని చూడ్డానికే రావడం లేదట. గది మొత్తం పట్టే వైడ్ లెన్సు కొనకపోతే వేరే ఫొటోగ్రాఫరును పెట్టుకుంటానని నిన్న మొహం మీదే చెప్పేశాడు. ఆ పని పోతే ఇల్లు గడిచే దారి లేదు.

పేరున్న కంపెనీ లెన్సు కొత్తది కొనే స్తోమత వాళ్లకెక్కడిది? ఆమె దుకాణాలన్నీ వాకబు చేసి, ఎవరో వాడి అమ్మేసినదాన్ని ఖాయం చేసింది. పైన గీతలున్నా అద్దం శుభ్రంగా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆటోఫోకస్ ఉంది. బటన్ సగం నొక్కితే అదే సర్దుకుంటుంది. దాని మీదే ఎందుకింత పట్టుబట్టిందో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

కొంతకాలంగా అతని ఫొటోలు మసకగా వస్తున్నాయి. గది మీద పడాల్సిన ఫోకస్ తలుపు రెక్క మీదో, కుర్చీ వీపు మీదో పడుతోంది. పాత లెన్సులో ఫోకస్ సర్దే మోటారు అరిగిపోయి ఉంటుందని ఆమె సరిపెట్టుకుంది. అసలే మాట పడని మనిషి, పైగా బ్రోకరు చేత చివాట్లు తింటున్నాడు, ఇంట్లో కూడా ఎందుకని నోరు మూసుకుంది. ఉన్నవాటిలో నయమైనవి ఏరి, పదును పెంచి, చూడముచ్చటగా తయారుచేసి పంపేది. దిద్దినవే అతనికీ చూపించేది.

మధ్యాహ్నం అతను దుకాణం నుంచి వచ్చి డబ్బా బల్ల మీద పెట్టాడు. అది ఆమె చెప్పిన లెన్సు కాదు. కొత్తదే, చవకదే, కానీ ఆటోఫోకస్ లేదు. రింగు చేత్తో తిప్పుకోవాలి.

"నేను చెప్పిందేమైందండీ?"

"ఇది కొత్తది. ధరా ఇంచుమించు అంతే," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు, చిన్నప్పుడూ వీడింతే, ఒక చొక్కా చూపిస్తే పక్కదాని మీద పడేవాడని నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు. గాలి మారిందని ఆవిడకు తెలిసింది. బుట్ట చంకన పెట్టుకుని పెరట్లోకి జారుకుంది.

వెనక్కిచ్చి రమ్మని ఆమె పోరింది. ఇవ్వనని అతను భీష్మించుకున్నాడు. మాటా మాటా పెరిగింది. అంతా ఆమె పెత్తనమే అయిపోయిందని అతను, కష్టపడి వెతికినదానికి విలువ లేదని ఆమె. చివరికి ఆమె నోరు జారింది.

"చేత్తో తిప్పి ఏం తీస్తారు? ఉన్నదానితోనే ఒక్క ఫొటో సరిగ్గా రావట్లేదు."

అతను అప్పుడు ఆమె వైపు చూశాడు.

"రావట్లేదా? మొన్నటివి నువ్వే చూపించావు కదా. గోడకున్న మేకు కూడా కనిపించింది."

ఇక దాచి లాభం లేదు. ఆమె కంప్యూటర్ అతని వైపు తిప్పి, దిద్దని ఫొటోలు ఒక్కొక్కటే తెరిచింది. అతను తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. అంత దగ్గరగా వంగడం చూశాకే, తప్పు లెన్సుది కాదని ఆమెకు తట్టింది.

"చిన్న చుక్క ఉంటుంది చూడు, కెమెరాలో, ఫోకస్ ఎక్కడో చూపించేది," అన్నాడు. "అది కనిపించడం మానేసింది. ఈ లెన్సయితే చుక్కతో పని లేదు. రింగు ఒక గుర్తు దగ్గర పెట్టి టేపు అంటిస్తే, గుమ్మం నుంచి అవతలి గోడ దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. నువ్వు చెప్పింది కొన్నాక ఎప్పుడైనా మసకగా వస్తే, నెపం దేని మీద పెట్టను?"

"ఇన్నాళ్లూ డాక్టరు దగ్గరికి ఎందుకెళ్లలేదు?"

"ఫొటోలు బాగానే వస్తున్నాయి కదా," అన్నాడతను. "కళ్లకేం కాలేదులే, ఉత్త అనుమానం అనుకున్నాను."

ఆమె కుర్చీలో కూలబడింది. అతను చూసి ధైర్యం తెచ్చుకున్న ప్రతి ఫొటో తను దిద్దిందే. మాట పడకుండా కాపాడుతున్నాననుకుంటూ, వైద్యం అందాల్సిన రోజులన్నీ తనే దాటించేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు.

"నేనే మీ కళ్లకు గంతలు కట్టాను," అంది.

అతనికి కోపం రాకపోలేదు. నా పని నాకే అబద్ధం చేసి చూపించావా అని గొంతు పెంచాడు. అంతలోనే తగ్గాడు. తనూ దాచాడు, తనూ భయపడ్డాడు. ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. చల్లారిపోయిన అన్నాలు తినమని అత్తగారు పిలిచినా ఇద్దరూ లేవలేదు.

మర్నాడు కంటి డాక్టరు గదిలో, గోడ మీది అక్షరాల పలకకు ఎదురుగా అతన్ని కూర్చోబెట్టారు. పై వరస గడగడా చదివాడు. కింది వరసలో తడబడ్డాడు. మరో వరస కిందికి వచ్చేసరికి ఆగిపోయి, అలవాటు కొద్దీ పక్కన నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. ఆ అక్షరం ఆమెకు స్పష్టంగా కనిపిస్తోంది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. పెదవులు గట్టిగా బిగపట్టి, అతని చెయ్యి పట్టుకుంది.

అతను మళ్లీ పలక వైపు తిరిగాడు.

"కనిపించట్లేదండీ," అన్నాడు.