ఎర్రబండ మోరీ దగ్గర ఎక్కిన మనిషి

పెనుకొండ దాటి ధర్మవరం దారి పట్టాక ఎర్రబండ మోరీ అని ఒక చిన్న కల్వర్టు వస్తుంది. చీకటి పడ్డాక దాని మీదుగా సైకిలు తొక్కుకుంటూ పోయిన మగాడు మా వైపు లేడు. మోరీ రాగానే ఎంతటివాడైనా దిగి తోస్తాడు.

ఎందుకంటే... అక్కడ క్యారియర్ మీద ఎవరో ఎక్కి కూర్చుంటారు.

ఎప్పుడో ఒక ముసలామె కూతురి పెళ్ళికి పట్టుచీర కొనాలని, ఎవరి సైకిలు వెనకో కూర్చుని ధర్మవరం బయల్దేరిందట. మోరీ దగ్గర పడి చచ్చిపోయిందట. అప్పటి నుంచి వచ్చే సైకిలూ పోయే సైకిలూ ఎక్కుతూనే ఉంది. దిగి, వెనక్కి చూడకుండా, అవతలి కిలోమీటరు రాయి దాకా తోసుకుంటూ పోతే విసుగు పుట్టి తనే దిగిపోతుందట. మోటారుసైకిళ్ళు వచ్చాక పాపం ఆమెకు గిరాకీ తగ్గింది. ఆ వేగానికి ఎక్కలేకపోతోందని అంటారు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ మోరీ మీద మాత్రం నేను బండి వేగం తగ్గించను.

ఇప్పుడు చెప్పేది మా పక్కింటి సాయినాథ్ నాకు చెప్పింది. చివరిది మాత్రం నా కళ్ళతో నేనే చూశాను.

సాయినాథ్, వాళ్ళావిడ గీతాంజలి సైకిళ్ళను రైల్లో వేసుకుని కన్యాకుమారి పోయారు. అక్కడి నుంచి తొక్కుకుంటూ ధర్మవరం రావాలని. తొమ్మిది వందల కిలోమీటర్లకు దగ్గర. బయల్దేరే రోజు సాయినాథ్ తల్లి ఓబులమ్మ వాకిట్లో నిలబడి వీధంతా వినేట్టు అంది:

"యాడా దిగి తొయ్యకుండా ఈ పిల్ల ఇల్లు చేరితే, దాని క్యారియర్ మీద కూచోని వీధి చివరిదాకా పోతా నేను!"

ఓబులమ్మ అంటే మా వీధికి హడలు. నలభై ఏళ్ళుగా మగ్గం నేస్తూ, ఇంట్లోనే చీరలు అమ్మే మనిషి. పెళ్ళయి మూడేళ్ళయినా కోడలిని ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. ప్యాంటు వేసుకుని సైకిలు తొక్కే కోడలు ఆమెకు ఎప్పటికీ 'ఈ పిల్లే'. గీతాంజలికి పతకాలూ వద్దు, పేపర్లో ఫోటో వద్దు. అత్త ఆ క్యారియర్ ఎక్కితే చాలు.

సాయినాథ్ కృష్ణగిరి దగ్గర ఎత్తు రోడ్డులోనే దిగి తోశాడు. ఆమె మాత్రం పదమూడు రోజులూ ఎక్కడా తొయ్యలేదు.

పద్నాలుగో రోజు హిందూపురంలో గీతాంజలి పెద్దమ్మ ఇంట్లో భోజనం. ఓళిగలు, ఆ పైన నెయ్యి, మళ్ళీ ఓళిగలు. పెద్దమ్మ వదిలేసరికి మూడు దాటింది. ఆ పొట్టలతో పెనుకొండ చేరేసరికి పొద్దు గూకింది. ఇక ధర్మవరం ఒక్కటే మిగిలింది.

చీకట్లో మోరీ వచ్చింది.

సాయినాథ్ బ్రేకు వేసి దిగాడు. "దిగు గీతా..." అన్నాడు గొంతు తగ్గించి. "ఆ రాయి దాకానే. ఈడ చూసేటోళ్ళు ఎవురూ లేరు."

"నేను లేనా?" అందామె.

దిగలేదు. ముందు చక్రం మోరీ ఎక్కింది. వెనక చక్రం ఎక్కింది—

క్యారియర్ కిర్రుమంది.

సైకిలు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగింది... ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. పెడలు ముందుకు పడదు. చెవి పక్కన వక్కాకు వాసన.

"సాయీ... నా ఎనక ఎవురన్నా ఉండారా?"

వెనక్కి చూడకూడదు కదా. సాయినాథ్ చూడలేదు. తన సైకిలు తోసుకుంటూ, "దిగి తొయ్యి... దిగి తొయ్యి..." అని గొణుగుతూ ముందుకు నడుస్తూనే ఉన్నాడు. మొగుడంటే ఇట్లా ఉండాలి!

దిగితే బరువు పోతుంది. దాంతోపాటు పద్నాలుగు రోజుల కష్టం పోతుంది, అత్త పందెమూ పోతుంది. గీతాంజలికి భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. పళ్ళు బిగించి, వెనక్కి తిరగకుండానే అంది:

"కూచుంటే కూచో. కాళ్ళు మాత్రం చక్రంలో పెట్టొద్దు."

తొక్కింది. రాయి వచ్చింది... రాయి పోయింది. బరువు దిగలేదు.

ధర్మవరం మొదట్లో కుళ్ళాయప్ప సైకిలు షాపు మూయబోతున్నాడు. గీతాంజలి స్టాండు వేసి సంగతి చెప్పింది. కుళ్ళాయప్ప వెనక చక్రం తిప్పి చూసి పగలబడి నవ్వాడు.

"ఏం దెయ్యమమ్మా! బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటాండాది. ఆ మోరీ కాడ గుంతలో పడి జరిగింటాది. బరువు కాక ఏముంటాది?"

స్క్రూ సరిచేశాడు. "నేనప్పుడే అనుకున్నా," అన్నాడు సాయినాథ్. సిగ్గు లేకపోతే సరి. గీతాంజలి ఎక్కి నాలుగు చుట్లు తొక్కింది. బరువు కాస్త తగ్గినట్టే అనిపించింది... కాస్త.

వాళ్ళు వీధిలోకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. మేమంతా బయటే ఉన్నాం. ఓబులమ్మ హారతి పళ్ళెం పట్టుకుని అడ్డం నిలబడింది.

"తోసినావా?"

"లేదత్తా."

"ఈడు?"

"తోసినాడు."

ఓబులమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. పళ్ళెం అతని చేతిలో పెట్టి, కొంగు నడుముకు దోపింది. మాట తప్పే మనిషి కాదు.

"సైకిలు గట్టిగా పట్టుకో... గీతాంజలీ."

వీధి మొత్తం విన్నది. గీతాంజలి కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏదోలా అయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఓబులమ్మ నడిచి సైకిలు వెనక వైపుకు వచ్చి ఆగింది. క్యారియర్‌కు అటూ ఇటూ సంచులు వేలాడుతున్నాయి, పైన ఖాళీ. ఆ ఖాళీ వైపు చూసి, చీరలకు వచ్చిన మనిషిని పలకరించినట్టు అంది:

"కొంచెం జరుగు తల్లీ. నేనూ కూచోవల్ల."

క్యారియర్ కిర్రుమంది.

ఓబులమ్మ ఎక్కి కూర్చుంది. సైకిలు కదిలింది. పోతూ పోతూ పక్కకు తిరిగి చెబుతున్న మాట మా అందరికీ వినపడింది:

"చీరలు రేప్పొద్దున చూపిస్తాలే. రాత్రి లైటు కింద పట్టు రంగు సరిగ్గా తెలీదు."