మచ్చల ట్రే

“మీ అక్క పోయిందయ్యా,” అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తలెత్తకుండా. “నిన్న పొద్దున, ల్యాబ్‌లో. గ్యాస్ లీక్ అని రాశారు. లీకూ లేదు, పాడూ లేదు. మర్డర్.”

ఏజెంటు బల్లమీద తనకోసం పెట్టిన డ్రైవర్ యూనిఫాం అందుకున్నాడు. “నేను తోలాల్సిన వ్యాన్ డీజిలా, పెట్రోలా?”

చీఫ్ కళ్లద్దాలు తీసి అతన్ని చూశాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని ఊరికే ‘మొద్దు’ అనరు. భుజంలోంచి బుల్లెట్ తీస్తుంటే నర్సుని టైమెంతయిందని అడిగిన రకం. ఆ పేరు పెట్టింది కూడా అక్కే, చిన్నప్పుడు. ఏడుపు రాలేదు. రావాలని కూడా అతనికి అనిపించలేదు.

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది. బంగాళాదుంప పంటని కుళ్లుతెగులు తినేస్తోంది. దానికి తట్టుకునే రకాన్ని అక్క పన్నెండేళ్లు తంటాలు పడి తయారుచేసింది. ఉన్నది ఒకే ఒక్క ట్రే, నలభై మొక్కలు.

“అది పోతే వచ్చే ఏడు దేశం మొత్తం ఒక విదేశీ ముఠా దగ్గర విత్తనానికి చెయ్యి చాచాలి. డ్రైవర్ వేషంలో వెళ్లు. పదిన్నరకల్లా ట్రే విత్తన క్షేత్రానికి బయల్దేరాలి. లోపల మన మనిషి ఉంది, మీ అక్క అసిస్టెంట్.”

ఆ అసిస్టెంట్ గ్లాస్‌హౌస్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. సిల్కు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, ఆ బురదలో హైహీల్స్!

“ఆకులు తడిపారా?” అన్నాడు మొద్దు.

“వేళ్లే తడిపాం,” అంది. కోడ్ సరిపోయింది. ఆమె కళ్లు ఒత్తుకుంది. “మేడమ్ నన్ను సొంత చెల్లెల్లా చూసుకునేవారండీ. ఇదిగో ట్రే. ఒక్క మచ్చ కూడా లేదు, చూసుకోండి.”

వాచీలో దాచిన భూతద్దంతో చూశాడు. నిజమే, ఆకులు కడిగినట్టున్నాయి. లేబుల్ మీద అక్క దస్తూరీ. సంతకం పెట్టి ట్రేని వ్యాన్ ఎక్కించాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

టైము పదీ ఇరవై. అప్పుడే ముసలి తోటమాలి బండి తోసుకుంటూ వచ్చాడు. బండిలో ఇంకో ట్రే. ఆకుల నిండా గోధుమరంగు చుక్కలు.

“ఎక్కడికి తాతా?”

“బట్టీకి బాబూ. మచ్చొస్తే కాల్చెయ్యడమే. అమ్మగారు పెట్టిన రూలే. ఇన్నాళ్లూ ఆవిడే చూసి చెప్పేవారు, ఇవాళ ఈవిడ చెప్పింది.”

బండి ముందుకు పోయింది. మొద్దు తాళంచెవి తిప్పబోయి ఆగాడు.

అక్క ప్రతి ఆదివారం ఫోన్ చేసి గంటసేపు మొక్కల సంగతులే చెప్పేది. అతను స్పీకర్ పెట్టి, తుపాకి తుడుచుకుంటూ ఊఁ కొట్టేవాడు. మొన్న ఆదివారం ఏమంది?

“రేపు నా పిల్లలకి నేనే చేతులారా తెగులు ఎక్కిస్తానురా. మొక్కకి పోలీసుల్లేరు, డాక్టర్లు లేరు. శత్రువు దూరిన కణమే పసిగట్టి, తనంతట తాను చచ్చిపోతుంది, చుట్టూ ఉన్న నాలుగింటినీ తీసుకుని. తినడానికి బతికున్న కణం దొరక్క తెగులు అక్కడే మాడుతుంది. రెండోరోజుకి మచ్చ పడిందంటే గెలిచినట్టురా మొద్దూ. నున్నగా ఉందంటే లోపల విందు జరుగుతున్నట్టే. నాలుగోరోజుకి కుళ్లిపోతుంది.”

ఇవాళ బుధవారం. రెండోరోజు.

ఓసి దీని దుంపతెగ! లేబుల్ మార్చేసింది. అసలు ట్రే బట్టీకి, తెగులెక్కించిన మామూలు రకం ట్రే దేశంలోని విత్తనాలన్నింటి మధ్యకి.

మొద్దు వ్యాన్‌లోంచి దూకాడు. గ్లాస్‌హౌస్‌కి రెండు తలుపులు. బయటిది మూసుకుంటే గాని లోపలిది తెరుచుకోదు. దోమ కూడా దాటకూడదని అక్క చేసిన ఏర్పాటది. అతను బయటి తలుపు తెరిచి, మూసుకోకుండా సందులో గుమ్మం దగ్గరున్న గమ్‌బూటొకటి కుక్కాడు. లోపల అసిస్టెంట్ తలుపు గుంజింది. కదల్లేదు. లిప్‌స్టిక్ తీసింది, పెదాలకి కాదు. టప్‌మని గుండు తగిలి గాజు మీద తెల్లటి గీత పడిందంతే. అద్దాలు కూడా అక్క మందమైనవే వేయించింది.

అతను పరుగెత్తేసరికి తాత ట్రేని బట్టీలోకి సగం నెట్టేశాడు. మొద్దు చెయ్యి లోపలికి పెట్టి లాగాడు.

“నీకేమైనా పిచ్చా బాబూ!”

“ఇవి కాదు తాతా. వ్యాన్‌లో నున్నగా ఉన్నవి తెచ్చి వెయ్యి.”

అంచున నాలుగు మొక్కలు మాడాయి. ముప్ఫయ్యారు మిగిలాయి. చేతివేళ్లు భగ్గుమంటున్నాయి. అతను అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఈ ఆదివారం ఫోన్ రాదు. ఇక ఏ ఆదివారమూ రాదు. పొద్దుట్నుంచీ తెలిసిన సంగతే, ఇప్పుడు తగిలింది. అక్కా అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పొగ కాబోలనుకుని తాత పక్కకి జరగమన్నాడు.

కాసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు. “నష్టమెంత?”

“నాలుగు మొక్కలు సర్. రెండు వేళ్లు.”

“నొప్పిగా ఉందా?”

“చాలా ఉంది సర్.”

అవతల చీఫ్ పెన్ను మూత పెట్టిన చప్పుడు వినబడింది.

“సరేలే,” అన్నాడు చీఫ్. “అది మాత్రం రిపోర్టులో రాయకు. ఇక్కడెవరూ నమ్మరు.”