బీచ్ పార్కు బాబాయ్ గారు

గొంతు పోయిన మనిషిని తీసుకెళ్ళి ఫోన్ దగ్గర కూర్చోబెట్టిన ఘనత ఆ బీచ్ పార్కు మేనేజర్‌దే.

అతను అక్కడ లైఫ్‌గార్డ్. వయసు ఇరవై ఏడు. ఆ పార్కు ముందున్నది పేరుకే సముద్రం. అడ్డంగా కట్టిన రాళ్ళ గోడ అలలన్నిటినీ బయటే ఆపేసేది. లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఒద్దికగా ఉండేవి. అందుకే పిల్లాపాపలతో కుటుంబాలన్నీ అక్కడికే వచ్చేవి. ఎత్తు కుర్చీలో కూర్చుని, "బాబూ, రాళ్ళెక్కొద్దు! పాపా, అంత దూరం వెళ్ళొద్దు!" అని రోజంతా అరవడమే అతని ఉద్యోగం. అరిచి అరిచి ఒకరోజు గొంతు బొంగురుపోయింది. మూడు వారాలు అరవకూడదన్నాడు డాక్టర్.

"అయితే ఆ మూడు వారాలూ ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తు," అన్నాడు మేనేజర్, ఏదో పెద్ద సాయం చేస్తున్నట్టు.

మొదటిరోజు సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది.

"నమస్కారమండీ. మీ గేటు దగ్గర్నుంచి నీళ్ళ దాకా ఎంత దూరం?" ఒక అమ్మాయి గొంతు.

"దగ్గరేనండి." పాత తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది ఆ మాట.

"దగ్గరంటే?"

"అంటే... గేట్లోంచే కనిపిస్తుంది."

"చందమామ కూడా మా కిటికీలోంచే కనిపిస్తాడండీ. నేనడిగేది ఎన్ని అడుగులని."

అతనికి ఒళ్ళు మండింది. "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ. అందరూ నడుచుకుంటూ వెళ్ళిపోతారు."

అవతలి గొంతు మెత్తబడింది. "మా అమ్మమ్మ అలా నడవలేదండీ. అందుకే అడిగాను."

అతని కోపం ఎటు పోయిందో పోయింది. "పది నిమిషాలాగి మళ్ళీ చేస్తారా?" అని ఫోన్ పెట్టేసి గేటు దగ్గరికి పరిగెత్తాడు. అక్కణ్ణుంచి ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ నడిచాడు. మధ్యలో ఐస్‌క్రీమ్ బండాయన పలకరిస్తే లెక్క తప్పి, మళ్ళీ గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

"నూట ముప్ఫై ఎనిమిదండీ," అన్నాడు, ఆమె మళ్ళీ ఫోన్ చేసినప్పుడు రొప్పుతూ. "సిమెంటు దారి మీద తొంభై, ఇసుకలో నలభై ఎనిమిది. అవి నా అడుగులు. అమ్మమ్మగారివైతే రెట్టింపు వేసుకోండి."

"మీరే నడిచి చూశారా! అయ్యయ్యో, ఈ వయసులో మిమ్మల్ని పరిగెత్తించాను. ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ."

బాబాయ్ గారా! "నాకు ఇరవై ఏడేళ్ళేనండీ" అనబోయాడు. సరిగ్గా అప్పుడే దగ్గు తెర కమ్ముకొచ్చింది. దగ్గి దగ్గి ఊపిరి పీల్చుకునేసరికి, "వేణ్ణీళ్ళు తాగి పడుకోండి బాబాయ్ గారూ. రేపు చేస్తాను," అని ఆమె పెట్టేసింది.

రేపు చెప్పేద్దాం అనుకున్నాడు.

మర్నాడు సరిగ్గా నాలుగింటికి ఆమె ఫోన్ చేసింది. ఆ మర్నాడూ చేసింది. ఆమె సిటీ బస్ డిపోలో టైమ్‌టేబుళ్ళు తయారుచేస్తుందట. టీ విరామంలో ఫోన్ చేస్తుందట. "ఒక్క నిమిషం లెక్క తప్పితే వందమంది నన్ను తిట్టుకుంటారు బాబాయ్ గారూ. అందుకే నాకీ చాదస్తం."

అమ్మమ్మ పదకొండు నెలల క్రితం పడిందట. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. నడవమని డాక్టర్లు చెప్పినా ఆవిడ గది దాటలేదు. మొన్న టీవీలో సముద్రం కనిపిస్తే మాత్రం, "ఒక్కసారి పాదాలు తడుపుకుంటే బాగుండు," అందట. ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు. మళ్ళీ పడితే ఎవరిది పూచీ అంది. అన్నీ సరిచూసి కాగితం మీద పెడితేనే వెళ్ళనిస్తానంది.

దాంతో అతనికి చేతినిండా పని దొరికింది. బాత్‌రూమ్ తలుపులో వాకర్ పడుతుందా లేదా అని టేపు పెట్టి కొలిచాడు. వీపు ఆనించుకునే బెంచీలు ఎన్నున్నాయో చూశాడు. పొద్దున్న ఎనిమిదింటికి ఏ బెంచీ మీద నీడ పడుతుందో తెలుసుకోవడానికి అన్నిటి మీదా కూర్చుని లేచాడు. నాలుగేళ్ళుగా అక్కడ పనిచేస్తూ ఆ పార్కును ఎన్నడూ ఇంత శ్రద్ధగా చూడలేదు. ఇప్పుడు ఎటు చూసినా, ఇది ఆమెకి చెప్పాలి, అది ఆమెకి చెప్పాలి అనిపించేది.

నాలుగు కాబోతుంటే ఆఫీసు కిటికీలోంచి నీళ్ళు మరీ నిశ్శబ్దంగా కనిపించేవి. ఎండ వాలి నీళ్ళ మీద బంగారు రేకులు తేలేవి. ఫోన్ మోగేది. ఆమె గొంతులో చిన్న జీర ఉండేది. నవ్వేముందు ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణం కోసం అతను రోజంతా ఎదురుచూసేవాడు.

"మీ ఆవిడగారు కషాయం కాచివ్వరా బాబాయ్ గారూ? దగ్గు తగ్గనే లేదు."

"ఆవిడ... ఇంకా రాలేదమ్మా."

"ఊరెళ్ళారా?"

"ఆఁ... అలాంటిదే."

మూడోవారం సగంలో గొంతు బాగైపోయింది. ఆ రోజు నిజం చెప్పేయాలని గట్టిగానే అనుకున్నాడు. కానీ "బాబాయ్ గారూ" అన్న పిలుపు చెవిన పడగానే ధైర్యం చాల్లేదు. చెబితే రేపు ఫోన్ రాదేమో! రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

గురువారం సన్నగా వాన పడుతోంది. ఆమె మామూలుగా మాట్లాడలేదు.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదు బాబాయ్ గారూ. మీకు చెప్పాలనిపిస్తోంది. అమ్మమ్మ పడింది నావల్లే."

అతను రిసీవర్ చెవికి నొక్కుకున్నాడు.

"ఆ రోజు ఆరింటికి వస్తానన్నాను. పని తెమల్లేదు. ఆరూ నలభైకి వెళ్ళేసరికి ఇంటికి తాళం. అప్పటికే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నాకోసం గుమ్మంలోకొచ్చి చూస్తూ జారిపడిందట. ఊళ్ళో బస్సులన్నీ టైముకి నడిపిస్తాను. నేను మాత్రం టైముకి వెళ్ళలేకపోయాను."

"ఆవిడ మిమ్మల్ని ఏమైనా అందా?"

"ఒక్క మాట కూడా అనలేదు. అదే నా బాధ."

అతను ఫోన్ పెట్టేశాడు. ఆమె ఆ మాట చెప్పుకున్నది తండ్రిలాంటి మనిషితో. విన్నది తను. ఇంక ఒక్కరోజు కూడా దొంగ దగ్గు దగ్గడం తనవల్ల కాదనుకున్నాడు. శుక్రవారం ఆమెకు తీరిక లేక ఫోన్ రాలేదు. శనివారం వచ్చింది.

"రేపు అమ్మమ్మగారిని తీసుకొస్తానన్నారు కదా, ఏడున్నరకి పోటు నిండుగా ఉంటుందండీ. నీళ్ళు ముందుకొస్తాయి కాబట్టి ఇసుకలో నడక సగానికి సగం తగ్గుతుంది. తర్వాత వెనక్కి వెళ్ళిపోతాయి," అన్నాడు తన సొంత గొంతుతో.

"అదేంటి బాబాయ్ గారూ, మీ గొంతు..."

"బాగైంది. ఇదే నా గొంతు. నాకు ఇరవై ఏడేళ్ళు. నేనెవరికీ బాబాయిని కానండీ."

అవతల గోడ గడియారం టిక్కుటిక్కుమనడం వినిపించింది.

"మరి ఆ దగ్గు?"

"మొదట్లో నిజమే. ఈ నాలుగు రోజులే... కాదు."

"మీ ఆవిడ?"

"ఇంకా రాలేదన్నాను కదండీ. అది మాత్రం నిజం."

ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేదేమో. "ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పని మాట మీకు చెప్పాను," అంది. ఆ గొంతులో కోపం కంటే దెబ్బ ఎక్కువ వినిపించింది. ఫోన్ కట్ అయింది.

ఆదివారం తెల్లవారుతూనే స్టోర్ రూమ్‌లోని రబ్బరు చాపలన్నీ మోసుకొచ్చాడు. సిమెంటు దారి చివరినుంచి నీళ్ళ అంచు దాకా వరసగా పరిచాడు. ఏడున్నరైంది. పోటు నిండుగా వచ్చి చాప చివరను తడిపింది. ఎవరూ రాలేదు. ఎనిమిదైంది. మబ్బు పట్టింది. నీళ్ళు నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. అతను గేటు వైపు చూడ్డం మానేద్దామనుకుంటూ చూస్తూనే ఉన్నాడు.

తొమ్మిదవుతుండగా టాక్సీ ఆగింది. ముందు వాకర్ దిగింది, తర్వాత అమ్మమ్మ దిగింది, ఆ వెనకే ఆమె.

అతను ఊహించుకున్న ముఖాల్లో ఒక్కటీ కాదు. గాలికి చెదిరిన జుట్టు, నిద్ర లేని కళ్ళు, చేతిలో మడతలు నలిగిన ప్లాను కాగితం. ఆమె అతన్ని చూసింది, చూసినంత వేగంగానే చూపు తిప్పుకుంది.

"ఆలస్యమైపోయింది అబ్బాయ్," అంది అమ్మమ్మ. "వెళ్ళొద్దని ఇది మొండికేసింది. మీ ఇద్దరికీ గొడవైతే మధ్యలో సముద్రమేం చేసిందే అని, చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఇంతకీ ఆ బాబాయివి నువ్వేనా?"

"నేనేనండీ. తప్పైపోయింది."

"నేననుకుంటూనే ఉన్నా. ముసలి దగ్గు నాకు తెలీదా? నీది దగ్గా! పిల్లి తుమ్మినట్టుండేది."

"అమ్మమ్మా! నీకు తెలుసా?"

"సెలవురోజున ఇంట్లోంచి చేసి, స్పీకర్ పెట్టి నాతో కూడా మాట్లాడించావు కదే."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఫోన్లు మానేసేదానివి. నాకు సముద్రం ఎవరు చూపిస్తారు?"

ఆవిడ ఒక్కో అడుగే వేస్తూ చాపల మీద నడిచింది. చివరి చాప దగ్గరికొచ్చి ఆగింది. నీళ్ళు ఇంకా పదిహేను అడుగుల దూరంలో ఉన్నాయి. మధ్యలో ఉన్నదంతా కాలు దిగబడే తడి ఇసుక. మనవరాలు వాకర్ పట్టుకుని ఆపింది.

"వద్దు అమ్మమ్మా. ఇక్కణ్ణుంచే చూద్దాం."

అతను వెనక్కెళ్ళి, వాళ్ళు దాటొచ్చిన చాపనొకదాన్ని లాగి తెచ్చి ముందు పరిచాడు. అమ్మమ్మ దాని మీదికి ఎక్కింది. మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. మూడోదాన్ని లాగుతుంటే ఉన్నట్టుండి బరువు తగ్గింది. తలెత్తి చూస్తే ఆమె రెండో చివర పట్టుకుని ఉంది. అతని వంక మాత్రం చూడలేదు.

నీళ్ళు వచ్చి అమ్మమ్మ పాదాల మీదుగా పారాయి.

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. ఎంతసేపటికీ ఆవిడ కదల్లేదు. నీళ్ళు వస్తూ పోతూ ఉన్నాయి. దూరంగా ఎవరి పిల్లలో నవ్వుతున్నారు.

"నీకో మాట చెప్పాలే," అంది కళ్ళు తెరవకుండానే. "ఆ రోజు నీకోసం చూస్తూ పడలేదు నేను. బీరువా మీద మీ అమ్మ దాచిన స్వీట్ల డబ్బా కోసం స్టూలెక్కాను."

"ఏంటీ?"

"షుగరున్నదాన్ని కదా, తిడతారని అబద్ధమాడాను. ఐదున్నరకే పడ్డాను. నువ్వు టైముకొచ్చినా ఇంటికి తాళమే ఉండేది. నీ గుండె మీద ఇంత బరువు పెట్టానని నాకు తెలీలేదు. మొన్న వానలో సెలవు పెట్టి ఇంట్లో ఉన్నావు చూడు, ఇతనితో ఫోన్‌లో చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఇతనితో నువ్వు చెప్పుకోకపోతే నాకు తెలిసేదే కాదమ్మా."

ఆమెకి ముందు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది. "స్వీట్ల కోసమా! పదకొండు నెలలు అమ్మమ్మా!" అని ఆవిడ భుజంలో ముఖం దాచుకుంది.

అప్పుడు చినుకులు మొదలయ్యాయి. అతను పరిగెత్తుకెళ్ళి పెద్ద గొడుగు తెచ్చి వాళ్ళిద్దరి మీదా పట్టాడు.

"మీరు తడుస్తున్నారు," అంది ఆమె. ఆ పొద్దున అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

"పర్వాలేదండీ."

"ఏమే," అంది అమ్మమ్మ, "అబద్ధమాడింది నేనూ, అతనూ. నన్ను క్షమించావు కదా?"

"నువ్వంటే అమ్మమ్మవి!"

"అయితే అతన్ని కూడా ఏదో ఒకటి చేసుకో. అప్పుడు క్షమించొచ్చు."

ఆమె ముఖం ఎర్రబడింది. గొడుగు కాస్త అతని వైపు తోసింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె ఒక్కతే వచ్చింది. సాయంత్రం అతను డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటుంటే, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మమ్మగారు రాలేదా?"

"రోజూ సందు చివరిదాకా నడుస్తోంది. ఇవాళ అమ్మని కూడా వెంటేసుకుని వెళ్ళింది. నేను మీకోసం వచ్చాను."

అతను తోచిన ఒక్కటీ చెప్పేశాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. మొదటి వారం నుంచే."

ఆమె ఒక్క క్షణం ఆగింది. నవ్వబోయేముందు ఆమె ఎలా ఉంటుందో అతను మొదటిసారి చూశాడు.

"నా గురించి మీకన్నీ తెలుసు," అంది. "మీ గురించి నాకు ఒక్క ముక్క తెలీదు. ఇది అన్యాయం కదండీ? చెప్పండి."

"ఎక్కణ్ణుంచి చెప్పమంటారు?"

"పుట్టినప్పట్నుంచి."

నీళ్ళకి దగ్గరగా ఇద్దరూ కూర్చున్నారు. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని వింది, మధ్యమధ్యలో ఆపి అడిగింది, నవ్వింది. నీళ్ళు మెల్లగా ముందుకొచ్చి ఇద్దరి పాదాలనూ తాకాయి. సూర్యుడు దిగిపోయే వేళకి అతనింకా మూడో తరగతిలోనే ఉన్నాడు.