మూడో హెల్మెట్

ధర్సీవా దగ్గరి ఆ ఇనుప కడ్డీల మిల్లుకి ఆదివారం సెలవు. మే నెల, సాయంత్రం నాలుగైంది. బిందుమాధవి, మేనేజర్ వెంకటరత్నం ఇద్దరే హెల్మెట్లు పెట్టుకుని షెడ్డులోకి వెళ్లారు. కాలిన నూనె వాసన గొంతుకి అడ్డం పడుతోంది.

ఆ హెల్మెట్లలోని చిన్న యంత్రాలకి సాఫ్ట్‌వేర్ రాసింది బిందే. వాటికి మధ్యలో వేరే కంప్యూటరు అక్కర్లేదు. హెల్మెట్లూ క్రేనూ నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మనిషి అయిదు మీటర్ల దూరంలోకి వస్తే క్రేన్ తనంతట తానే ఆగిపోవాలి. మాటిమాటికీ ఆగితే పని సాగట్లేదని వెంకటరత్నం గొడవపెడితే, ఆ దూరాన్ని ఆమె ఒక మీటరుకి తగ్గించింది. నెల తిరక్కుండానే క్రేన్ కొక్కెం మిల్లు కూలీ దానయ్య తలని హెల్మెట్‌తో సహా గోడకేసి నలిపేసింది.

"రేపు ఇన్‌స్పెక్టర్ వస్తాడమ్మా. మళ్లీ అయిదు పెట్టెయ్. మొదట్నుంచీ అంతేనని చెబుదాం. బస్, ఖతం."

"మరి దానయ్య, సార్?"

"హెల్మెట్ పెట్టుకోలేదని రాశాం. ఆ పగిలిందాన్ని కొలిమిలో వేయించేశాను."

బయట దుమ్ముగాలి లేచింది. షెడ్డంతా చీకటి కమ్మింది. బిందు ట్యాబ్లెట్ తెరిచి చూసింది. తెర మీద మూడు హెల్మెట్లు కనిపిస్తున్నాయి.

"సార్... ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరే!"

మూడోది కదులుతోంది. ఏడు మీటర్లు... అయిదు... మూడు...

పైన ఇనుము కిర్రుమంది. మెయిన్ స్విచ్ కట్టేసే ఉంది. అయినా క్రేన్ కదిలింది.

"ఆపమ్మా! ఆపు!"

కొక్కెం గిర్రున తిరిగొచ్చి అతని దవడని చీల్చింది. గాల్లోకి లేపి స్తంభానికి కొట్టింది. మళ్లీ కొట్టింది. మళ్లీ... ఎముకలు విరుగుతున్న చప్పుడు. వెచ్చని నెత్తురు బిందు మొహం మీద చిందింది.

అతన్ని వదిలేసి అది ఆమె వైపు తిరిగింది.

బిందు దానికేసి చూస్తూ, "నేనే తగ్గించాను, దానయ్యా..." అని గొణిగింది. "రేపు అందరికీ చెప్తాను..."

నుదుటికి జానెడు దూరంలో కొక్కెం ఆగిపోయింది. దాని కొస నుంచి నెత్తురు బొట్టు బొట్టుగా కారుతోంది.

మర్నాడు ఆస్పత్రి మంచం మీద నుంచే, పోలీసుల ముందు ఒక్క ముక్క దాచకుండా చెప్పేసింది. వాళ్లు వెళ్లాక నర్సు రేచల్ తడిబట్టతో ఆమె వీపు తుడుస్తూ ఆగింది.

"వెనక నుంచి ఎవరు పట్టుకున్నారమ్మా మిమ్మల్ని?"

"ఎవరూ లేరు సిస్టర్... ఏం?"

"భుజాల మీద నల్లటి చేతిగుర్తులున్నాయి. ఎంత తుడిచినా పోవట్లేదు." రేచల్ గొంతు తగ్గిపోయింది. "రెండూ ఎడమచేతివే... ఒక్కరివి కావు."