పై బల్ల అడిగిన ముసలాయన

సబ్ ఇన్‌స్పెక్టర్ యోసేపు పనిచేసినన్నాళ్లూ సోమశిల చుట్టుపక్కల తప్పిపోయిన ప్రాణి దొరక్కపోవడమన్నది లేదు. పోయిన మేకను అది నెమరేసే చప్పుడు విని పట్టుకునేవాడు.

అలాంటి యోసేపు, 1988 ఉగాదికి ముందు ఒక పొద్దున, రామేశ్వరమ్మ తోటలో ఖాళీ బల్ల ముందు నిలబడ్డాడు.

ఆ బల్ల ఉన్నది వేరుశనగ గోదాములో. పంట అమ్మేశాక సగానికి పైగా ఊరికే ఉంటుందని, గోడల పొడవునా కిందొకటి పైనొకటిగా చెక్క బల్లలు కొట్టించింది రామేశ్వరమ్మ. సైకిళ్ల మీద నది చూడవచ్చే కాలేజీ కుర్రాళ్లు, శ్రీశైలానికి నడిచిపోయే కన్నడ భక్తులు గుంపులుగా అక్కడ పడుకునేవారు.

నింగప్ప రాయచూరు వైపు నుంచి నడిచొచ్చిన ముసలాయన. చక్కెర జబ్బు. మడమకు పెద్ద పుండు. ఆయన గుంపు ముందురోజే నది దాటిపోయింది. తండ్రిని దవాఖానకు తీసుకుపోదామని కొడుకు శరణప్ప ఆగాడు. తెల్లారి లేచి చూస్తే తండ్రి లేడు. చెప్పులు బల్ల కిందే ఉన్నాయి.

"ఇయ్యాల చీము తియ్యకుంటే కాలు పోతదని నిన్ననే చెప్పిండు డాక్టరు. ఇంకా జాగు చేస్తే మనిషే దక్కడన్నడు," అన్నాడు శరణప్ప. "జర దేవులాడుండ్రి సార్."

గోదాము చుట్టూ బురద. రాత్రి కాలువ గట్టు తెగి నీళ్లు పారాయి. పోలీసులు వచ్చేసరికి ఆ బురదలో ఒక్కరి అడుగులే ఉన్నాయి. తోటకు కావలి కాసే మహమూద్‌వి. శరణప్ప గడప మీంచి కేకేస్తే పరుగెత్తుకొచ్చింది ఆయనే.

కానిస్టేబుల్ కురుమూర్తి మహమూద్ భుజం పట్టుకున్నాడు.

"నిన్న ముసలాయనతోని లొల్లి పెట్టుకున్నవట?"

"బీడీ తాగుతుండె సార్. పక్కనే ఎండు పొట్టు ఉండె. ఆర్పుమన్న. గదే లొల్లి."

"అడుగులన్నీ నీయే. ఎత్తుకపోయినవా?"

"బియ్యం సంచి లేపితెనే మా బీబీ నా నడుముకు కాపడం పెడ్తది. నేనేడ మనిషిని ఎత్తుత సార్?"

"మహమూద్‌కు ఎత్తుకపోయే గుణమే ఉంటే నా పల్లికాయ సంచులు గిట్ల పడి ఉంటయా సారూ?" అంది రామేశ్వరమ్మ.

యోసేపు గోదాము చుట్టూ తిరిగాడు. బావిలోకి తొంగిచూశాడు. ఏమీ తట్టలేదు. మేక సంగతి చెప్పాను కదా, అది నమ్మకండి. ఆ ఊళ్ల మేకలు వాటంతట అవే ఇళ్లకు చేరేవి. పేరు ఆయనకు దక్కేది.

బురదలో గుండ్రటి గుంతలు కనిపించాయి.

"ఇవేంది?"

"మంద గుంజలవి సార్," అన్నాడు కురుమూర్తి. గొర్లు కాసే ఇంట్లో పుట్టినవాడు. "ఎరువు కోసం గొర్లను చేన్ల ఆపుతరు గద. చుట్టూ వల కట్టనీకి గుంజలు పాతుతరు."

అందరూ తలూపారు. పొద్దుటి నుంచీ వాటిని తొక్కుతూనే తిరిగారు.

యోసేపు లోపలికి వచ్చాడు.

"మీ నాయిన ఏ బల్ల మీద పండుకున్నడు?"

"పైదాని మీద."

"ఆ కాలుతోని పైకా?"

"గాలొస్తదని అడిగిండు సార్. నేనే ఎక్కించిన."

యోసేపు పై బల్ల ఎక్కాడు. తల దూలానికి తగిలింది. దూలం మీద దుమ్ము దట్టంగా పేరుకుంది. రెండు చోట్ల మాత్రం అప్పుడే తుడిచినట్టు పొడుగు చారలు.

"శరణప్పా, ఈడ ఏం దాచినవ్?"

శరణప్ప తలెత్తి దూలం వైపు చూశాడు.

"కట్టెకాళ్లు సార్, కాళ్లకు కట్టుకొని ఎత్తు మీద నడిచే పొడుగు కట్టెలు. వాటి మీద శ్రీశైలం మల్లయ్య కాడికి నడిచొస్తనని మా నాయిన మొక్కుకున్నడు. పుండు చూసి నేనే దాచిన. అందయనుకున్న."

"అందుకోనీకే పై బల్ల అడిగిండు. కట్టుకోనీకి కూడా ఎత్తు కావాలె గద. బల్ల అంచున కూసొని కట్టుకున్నడు. ట్రాక్టర్ పట్టే తలుపు, తల వంచే పని కూడా లేదు."

"మరి పుండు సార్?"

"కట్టెకున్న మెట్టు పాదం నడుమ ఆనుతది. మడమకు తగలదు." యోసేపు కురుమూర్తి వైపు తిరిగాడు. "మంద గుంజలైతే గుంతలు చుట్టూ తిరిగి కలవాలె. ఇవి నది దిక్కే పోతున్నయి. ఒక్కటన్న వెనక్కి తిరిగిందా?"

కురుమూర్తి చెయ్యి మహమూద్ భుజం మీంచి జారింది.

జీపు రేవు చేరేసరికి ఉన్న ఒక్క పడవా ముసలాయనను దించి అవతలి ఒడ్డునే ఉంది. ఎండాకాలం గనుక నది సన్నబడింది. అవతల ఇసుక మీద, తాటిచెట్టంత పొడుగున, నింగప్ప అడవి బాట పట్టి పోతున్నాడు.

"పోలీసోళ్లు గద సార్. ఆపుండ్రి," అన్నాడు శరణప్ప.

యోసేపు విజిల్ ఊదాడు. కొంగలు లేచాయి. అవతల వేరే జిల్లా. పడవ వచ్చి, మళ్లీ దాటేలోగా ఆయన అడవిలో ఉంటాడు. అయినా ఏ సెక్షన్ కింద ఆపాలి? నడుస్తున్నాడనా?

"ఇప్పుడేం జేద్దాం సార్?" అన్నాడు కురుమూర్తి.

యోసేపు విజిల్ జేబులో పెట్టుకున్నాడు.

చెట్ల మొదట్లో నింగప్ప ఆగాడు. అంత ఎత్తు నుంచి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. ఇవతల శరణప్ప కూడా చెయ్యెత్తాడు.

తాటిచెట్టంత అన్నది మాటవరసకు, దాన్ని వదిలేయండి. ముసలాయన చెయ్యెత్తడం మాత్రం నా కల్పన. ఆయన ఆగనూ లేదు, వెనక్కి తిరగనూ లేదు. శరణప్ప చెయ్యెత్తింది నిజం.