కుడివైపు ఓడ

మధ్యాహ్నం పట్టుకున్న వాన సాయంత్రమైనా తెరిపి ఇవ్వలేదు. భర్త డ్యూటీకి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ఆమె, ఆరేళ్ళ కూతురు. ఫోన్ ఇవ్వనన్న పాపానికి కూతురు ఇల్లు పీకి పందిరేస్తోంది. ఆ పోరు పడలేక ఆమె అటక మీంచి అన్న పాత కంప్యూటర్ దింపింది.

అన్న గుండె జబ్బుతో పోయి చాలా ఏళ్ళయింది. ఆ పెట్టెని మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వనివ్వలేదు. అన్నతో ఇంకొక్క ఆట ఆడాలని ఉండేది ఆమెకి. పోయినవాడితో ఆటేమిటని తనే తనని తిట్టుకునేది.

అది పనిచేస్తుందన్న నమ్మకం లేకుండానే మీట నొక్కింది. లోపల డిస్కు గరగరమని తిరిగింది. వేడెక్కిన దుమ్ము వాసన గదంతా అలుముకుంది. నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు మెరిశాయి. అవి నక్షత్రాలు. పైనుంచి దిగేవి శత్రువుల ఓడలు, కింద ఉన్న రెండూ మనవి.

"ఇదేం ఆటమ్మా? అన్నీ గీతలే!"

"మీ మామయ్య సొంతంగా రాసిన ఆట. వంకలు పెట్టకుండా ఆడు," అంది నవ్వుతూ.

ఒకే కీబోర్డు ముందు రెండు కుర్చీలు వేసుకుని, భుజాలు రాసుకుంటూ ఇద్దరు ఆడాలి. ఎడమ ఓడ ఆమెది, కుడిది అన్నది. చెరి మూడు ప్రాణాలు. ఒకరివి అయిపోతే ఆ ఓడ కీక్ కీక్ అని అరిచి అడుగుతుంది. రెండోవాళ్ళు కింద ఉన్న పొడుగు మీట నొక్కితే ఒక ప్రాణం అటు వెళ్తుంది. రాసేటప్పుడు అన్న ఇక్కడే ఒక తప్పు చేశాడు. ఇచ్చినవాళ్ళ లెక్కలోంచి ఒకటి తీసేయడం మర్చిపోయాడు. అందుకని ఎన్నిసార్లు ఇచ్చినా తన మూడూ మూడే. ఆమె అది కనిపెట్టి వెక్కిరిస్తే, "ఉండనీవే పిచ్చుకా. నా కోసం నీది తగ్గడమేంటి?" అని దిద్దకుండా వదిలేశాడు. పోయేదాకా అలాగే ఉంచాడు.

పాపని ఎడమ కుర్చీలో కూర్చోబెట్టి, ఏ మీట దేనికో చూపించింది. ఆడించేవాళ్ళు లేరు కాబట్టి కుడి ఓడ కదలకుండా మూల పడి ఉంటుందని చెప్పి, పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్ళింది.

పాలు పొంగుకు వస్తుండగా వినిపించింది. కీక్... కీక్.

మూలనున్న ఓడకి దెబ్బలు తగిలి ఉంటాయిలే అనుకుంది. అంతలో పాప నవ్వు. "ఇదిగో, తీసుకో!"

ఎవరితో మాట్లాడుతోంది ఇది? పొయ్యి ఆపడం కూడా మర్చిపోయి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

కుడి ఓడ కదులుతోంది. పాప చేతులు రెండూ ఎడమవైపే ఉన్నాయి. పక్క కుర్చీ ఖాళీ. అయినా ఆ కుర్చీ ముందున్న మీటలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి... లేస్తున్నాయి.

తూటా తప్పించుకున్న ప్రతిసారీ ఓడ అటూ ఇటూ రెండు ఊపులు ఊగుతోంది. గొప్పలు పోవడానికి అన్న అలాగే ఊపేవాడు. భయం వేయాల్సింది పోయి ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది.

"అన్నా... నువ్వేనా?"

ఓడ రెండుసార్లు ఊగింది.

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పాప పక్కన నేల మీద కూలబడింది. "చూడవే... మీ మామయ్య..."

వంటింట్లోంచి మాడిన పాల వాసన వస్తోంది. తెర మీద ఒక తూటా దిగుతోంది. ఈసారి ఓడ తప్పుకోలేదు. కావాలనే ఎదురెళ్ళి తగిలించుకుంది.

కీక్... కీక్.

పాప బొటనవేలితో పొడుగు మీట నొక్కింది. ఎడమ మూలనున్న ప్రాణాల అంకె మారింది. రెండు... ఒకటైంది.

ఆమె కన్నీళ్ళు ఆగిపోయాయి. "నీ ఓడకేమైనా దెబ్బలు తగిలాయా?"

"ఒక్కటి కూడా లేదమ్మా. అడుగుతుంటే ఇస్తున్నా అంతే." పాప ముడుచుకుంది. "ఇచ్చినప్పుడల్లా చలేస్తోంది."

చెయ్యి పట్టుకుని చూసింది. మంచుముద్ద.

ఆ తప్పు ఎవరో దిద్దారు. అన్న చచ్చినా దిద్దేవాడు కాదు. మరి అన్నలా ఊగడం నేర్చుకుని... ఈ కుర్చీలో కూర్చున్నది...

ఖాళీ కుర్చీ కిర్రుమంది. ఓడ మళ్ళీ తూటాకి ఎదురెళ్ళింది.

కీక్... కీక్.

పాప బొటనవేలు లేచింది. ఆమె వైరు పట్టుకుని గోడలోంచి ఒక్క లాగు లాగింది. తెర ఆరిపోయింది. వాన చప్పుడు మిగిలింది.

"ఒకటే ఉంది కదమ్మా," అంది పాప మెల్లగా. "మామయ్య మళ్ళీ అడిగితే?"

"ఇవ్వకు తల్లీ. ఎవరడిగినా ఇవ్వకు."

పొయ్యి ఆపి, ఆ గదికి గడియ పెట్టి, ఇంట్లో దీపాలన్నీ వేసింది. పాపకి రెండు దుప్పట్లు కప్పి, ఆ చల్లటి చేతిని తన గుప్పిట్లో దాచుకుని పక్కనే పడుకుంది. ఆయన వచ్చేదాకా వదిలేది లేదు. కాసేపటికి చెయ్యి కాస్త వెచ్చబడింది. పాప నిద్రపోయింది. ఆమె చెవులు రిక్కించి వింటూనే ఉంది. గడియ వేసిన గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు.

నిద్రలోనే పాప తల పక్కకి తిప్పింది. ఎవరో పిలిస్తే పలికినట్టు, "ఊఁ," అంది.

గుప్పిట్లో చిన్న బొటనవేలు కదిలింది. ఆమె గట్టిగా పట్టుకుంది... ఇంకా గట్టిగా...

ఆ వేలు ఆమె అరచేతిని ఒక్కసారి నొక్కింది.