ఫెయిర్ కాపీలోకి ఎక్కని సొట్ట

రెండువేల ఆరు, జూలై నెల, రెండో శనివారం. వనపర్తిలో దేవరాజు మాస్టరు ఇంటి ముందు ఒక తెల్ల కారు ఉంది. దాని బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఒక పడుచువాడు నిలబడి ఉన్నాడు. పొద్దున ఆరున్నర కూడా కాలేదు.

పక్కింటి అరుగు మీద వేపపుల్ల నములుతూ నేనిదంతా చూస్తున్నాను. నా పేరు నాగన్న. వయసు డెబ్బయి రెండు, చదువు ఐదో తరగతి. నేను చెప్పేవాటిలో సగం నిజాలు. ఇది ఆ సగంలోదే, భయపడకండి.

మాస్టరు కూతురు నిరోష నీళ్ల బకెట్టుతో బయటికి వచ్చింది. వాణ్ని చూసి బకెట్టు ఠక్కున కింద పెట్టింది.

"ఓయ్, ఎవరు నువ్వు? బండికేమన్న జరమొచ్చిందా, చెయ్యి పెట్టి చూస్తున్నవ్?"

"జరం లేదు. గదే చూస్తున్న," అన్నాడు వాడు కళ్లు తెరవకుండానే. "కొందరు కొనేటోడు రాకముందే ఇంజన్ స్టార్ట్ చేసి వేడి చేసి పెడ్తరు. చల్లగున్నప్పుడు ఎట్ల లేస్తదో తెల్వనియ్యరు. మీది చల్లగనే ఉంది."

"మా నాయన సైన్స్ మాస్టరు. గసుంటి పనులు చెయ్యడు."

"మాస్టర్లయితే ఇంక తెలివిగ చేస్తరు కదా. గందుకే ఎనిమిదికి రమ్మంటే ఇప్పుడే వచ్చిన."

అప్పుడు కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు. ఇంజన్ గురించి ఇంకో మాట ఏదో నోటిదాకా వచ్చినట్టుంది, అక్కడే ఆగిపోయింది. చల్లటి ఇంజనుకు తప్పదు, ఒక్కోసారి అట్లా ఆగుతుంది.

వాడి పేరు సాంసన్. ఊరు మానవపాడు. ఆరేళ్లుగా పరాయివాళ్ల బండ్లు నడిపాడు. తల్లి ఏసమ్మ ఇరవై ఏళ్లు బొంబాయిలో మట్టి మోసి, ఆ ఏడే మొదటిసారి ఊళ్లో ఉండిపోయింది. సొంత కారు ఒకటి కిరాయికి తిప్పుకుంటూ ఆమెతో ఊళ్లోనే ఉండాలని వాడి కోరిక. కొనగలిగింది ఒక్కసారే. బండి మంచిదైతే తల్లీకొడుకులు ఊళ్లో ఉంటారు. మొండికేసిందంటే, నెలాఖరుకు పోయే కూలీల గుంపుతో వాడు మళ్లీ బొంబాయి దారి పట్టాల్సిందే. ఈ సంగతంతా నేను టీ తాగించి రాబట్టాను. టీ మాస్టరు ఇంటిదే అనుకోండి.

మాస్టరుకు కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ, రెండో కంటికి మసక. కారు నడపొద్దని డాక్టరు చెప్పాడు, అందుకే అమ్మకం. ఆయన బయటికి వచ్చి, గర్వంగా ఒక నోటుబుక్కు సాంసన్ చేతిలో పెట్టాడు.

"ఎనిమిదేండ్ల సర్వీసు చరిత్ర. ఆయిల్ మార్చిన తారీఖు, కిలోమీటర్లు, చేసిన పని, చేసినోని పేరు. చదువుకో."

సాంసన్ పేజీలు తిప్పాడు. తిప్పేకొద్దీ వాడి మొహం ముడుచుకుపోయింది. ఎర్ర సిరాతో మార్జిన్లు, నీలి సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. గ్రీజు మరక అసలే లేదు.

"సార్, ఏమనుకోకుండ్రి. ఎనిమిదేండ్ల బుక్కుల ఒక్క పెన్ను, ఒక్క రాత ఉంది. ఇది మొన్న కూసొని రాసినట్టుంది."

"మొన్న కాదు, నిరుడు!" నిరోష ముందుకొచ్చింది. "వానకు ఇల్లు కురిసి పాత బుక్కు తడిసిపోయింది. అక్షరాలు పోకముందే నేను ఫెయిర్ కాపీ రాసిన. దొంగ బుక్కంటవా?"

ఆ ఇంటి పద్ధతే అంత. అక్కడ చాకలి పద్దు కూడా మొదట చిత్తుగా రాసి, తర్వాత ఫెయిర్ చేస్తారు. మాస్టరు పెంపకం మరి. కాని బయటివాడికి అదెట్లా తెలుస్తుంది? మురికి లేని సర్వీసు బుక్కును చూస్తే ఏ డ్రైవరుకైనా అనుమానమే.

"దొంగదంటలేను మేడం. ఇందుల పేర్లున్నయి కదా, పోయి అడుగుదాం. కొత్తకోట హన్మంతు పేరు పదిసార్లు ఉంది."

"పోదాం పా. నిజమైతే మా నాయనకు సారీ చెప్పాలె."

"చెప్త. నిజమైతే టీ కూడ తాపిస్త."

మాస్టరు నా వైపు తిరిగాడు. "నాగన్నా, జర నువ్వు తోడు పో."

నన్ను అడగాలా? చెప్పులేసుకోకముందే వెనక సీట్లో ఉన్నాను.

సాంసన్ నడుపుతున్నాడు. నిరోష ముందు సీట్లో బుక్కు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. కిటికీ ఇటువైపుంటే చూపు అప్పుడప్పుడూ అటువైపు ఎందుకు పోతోందో నాకు అర్థం కాలేదు. మౌనం భరించలేక నేనే అందుకున్నాను.

"నాకు పదహారేండ్లప్పుడు బీచుపల్లి కాడ కృష్ణకు వరదొచ్చింది. పడవ లేదు. మొసలి మీదెక్కి అద్దరికి పోయిన. పెండ్లి కార్డులు పంచొచ్చి, మల్ల దాని మీదనే తిరిగొచ్చిన."

"ఆ మొసలికి సర్వీసు బుక్కు ఉండెనా తాతా?" అన్నాడు సాంసన్.

నిరోష ఫక్కున నవ్వింది. కోపంగా ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి వెంటనే ఆపేసింది. సాంసన్ మాత్రం ఆ నవ్వు ఆగిపోయాక కూడా కాసేపు విన్నాడు.

రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉన్నచోట వాడు స్టీరింగ్ మీద చేతులు రెండు వేళ్ల దూరం పైకెత్తాడు. బండి మెల్లగా ఎడమకు జరిగింది. మళ్లీ ఎత్తి చూశాడు. మళ్లీ ఎడమకే.

కొత్తకోటలో హన్మంతు లారీ కిందినుంచి బయటికి వచ్చాడు. చదవడం రాదు కాని మనిషి జ్ఞాపకం గట్టిది. నిరోష బుక్కు చదువుతుంటే ఒక్కొక్కదానికీ తలూపాడు.

"క్లచ్ ప్లేటా? అవ్, నేనే ఏసిన. బ్రేక్ షూలు? అవ్. ఆ దినం మీ సారు నిలబడి విప్పిన బోల్టులు, బిగించిన బోల్టులు లెక్క చూసిండు. ఒకటి తక్కువొస్తే నా అంగీ జేబు కూడ చూసిండయ్యా!"

పది పనులూ సరిపోయాయి. నిరోష గడ్డం పైకెత్తి సాంసన్‌ను చూసింది. "ఏమంటవ్?"

"తప్పు నాదే మేడం. సారుకు సారీ, మీకు టీ." నవ్వుతూనే జేబులోంచి గుడ్డ చుట్టిన ఒక నల్లటి బిళ్ల తీశాడు. పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం. "ఇంకొక్కటి. బండి ఎడమకు గుంజుతుంది."

కుడివైపు ముందు రేకు మీద పెడితే టక్కున అంటుకుంది. తలుపు మీదా అంటుకుంది. ఎడమవైపు ముందు చక్రం పైన పెట్టాడు. జారి కిందపడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.

"ఈడ రేకు మీద మందంగ లప్పం పూసి రంగేసిండ్రు. బండి దేనికో గుద్దింది. హన్మంతన్నా, నువ్వు చేసినవా?"

"నా షెడ్డుల కాలే," అన్నాడు హన్మంతు.

"బుక్కుల లేదు. మేడం, మీకు తెలుసా?"

"తెల్వదు," అంది నిరోష. ఆ మాట ఆమె నోట్లోంచి చిన్నగా, తడిగా వచ్చింది. అదే సమయానికి చినుకులు కూడా మొదలయ్యాయి.

సాంసన్ అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టాడు. "అయితే నాకీ బండి వద్దు మేడం. సొట్టకు భయపడ్తలేను. లోపల ఏం వంగిందో తెల్వకుంట మంది పిల్లజెల్లను ఎక్కించుకోలేను. మిమ్ముల ఇంటికాడ దింపి పోత."

బండి మళ్లీ వనపర్తి దారి పట్టింది. వాన అద్దాల మీద దబదబా కొడుతోంది. ఇప్పుడు మొసలి కథలు ఎవరికీ అక్కర్లేదు. వాణ్ని ఇంటి దగ్గర దిగిపోనిస్తే నెలాఖరుకు ఎక్కడుంటాడో ఆ పిల్లకు తెలుసు. టీ తాగించి నేను రాబట్టినప్పుడు తలుపు చాటున నిలబడి విన్నది ఆమే కదా.

"ఆపు," అంది హఠాత్తుగా. "బండి పక్కకాపు."

ఆపాడు. నేను గురక మొదలుపెట్టాను. మర్యాద తెలిసిన ముసలివాళ్లు అట్లాంటప్పుడు నిద్రపోతారు.

"నేనే గుద్దిన," అంది. "రెండేండ్ల కింద నాయన పేపర్లు దిద్దనీకి పాలమూరు పోయిండు. తాళంచెవి గూట్లె ఉంది. శ్రీరంగాపూర్ దారిల మోరీ రాయికి కొట్టిన. ఆయన వచ్చేలోపల బాగు చేయించిన. నాయన ఇప్పటిదాంక నన్ను ఒక్కసారి కూడ స్టీరింగ్ పట్టనియ్యలే. తెలిస్తే నా మీద నమ్మకం పోతది. ఫెయిర్ కాపీ రాసేటప్పుడు రాద్దామనుకున్న. పెన్ను ఆడలే."

సాంసన్ కాసేపు వైపరు ఆడడం చూశాడు.

"ఏడ చేయించినవ్?" మేడం పోయి 'నువ్వు' వచ్చింది. ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. గురకలో ఉన్న నేను గమనించాను.

"గద్వాల. నాయనను తెలిసినోళ్లు ఉండరని."

"అయితే గద్వాల పోదాం. లోపల సక్కగుంటే బండి నాదే."

గద్వాలలో ఆ టింకరింగ్ షెడ్డు నడిపేది జమ్ములమ్మ. మొగుడు రంగు కొడతాడు, రేకు సాపు చేసే సుత్తి మాత్రం ఆమెదే. మమ్మల్ని చూడగానే సుత్తి పక్కన పెట్టి పెద్దగా నవ్వింది.

"ఓ పిల్లా, మల్ల గుద్దినవా? నాకు బాగ యాదికుంది. ఆ దినం ఈ పిల్ల ఏడ్చుకుంట వచ్చింది, పక్కన ఈ తాత నవ్వుకుంట వచ్చిండు!"

సాంసన్ మెల్లగా నా వైపు తిరిగాడు. నిరోష నేల చూసింది.

సరే. ఆ రోజు బండిలో ఇంకొకరు కూడా ఉన్నారు. తెల్ల మీసాలు, మంచి అందగాడు. "ఇంక జర జోరుగ పోనియ్యి బిడ్డా" అన్నది కూడా ఆయనే. మీరు అడగలేదు కనక చెప్పలేదు.

"చక్రం కింద ఇనుప ఆర్మ్ వంగింది, కొత్తది ఏసినం," అంది జమ్ములమ్మ. "చక్రాల అలైన్‌మెంట్ మిషన్ మా కాడ లేదు, బయట చేయించుకోమని చెప్పిన. చేయించుకున్నరా?"

ఎక్కడ చేయిస్తాం? మాస్టరు సాయంత్రం బస్సుకు వచ్చేశాడు. బండి ఎడమకు గుంజేది అందుకే. రోడ్డే ఎడమకు వాలి ఉందని మాస్టరు రెండేళ్లుగా అనుకుంటున్నాడు.

సాంసన్ అంగీ విప్పి పక్కన పెట్టి, బురదలోనే బండి కింద దూరాడు. పావుగంట దాకా కాళ్లు మాత్రమే కనిపించాయి. నిరోష ఆ కాళ్లనే చూస్తూ చున్నీ కొస వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

బయటికి వచ్చినవాడి మొహం నిండా మట్టి, మధ్యలో పళ్లు. "చాసిస్ సక్కగుంది. వంగలే, అతుకు లేదు. బండి మంచిది."

"అయితే కొంటవా?"

"కొంట. కాని బుక్కుల రాయాలె. రేపు ఈ బండికి ఏమన్నయితే పుస్తకం చూసి బాగు చేసుకుంట. తెలిసిన సొట్టతోని బతకొచ్చు, నిరోషా."

ఆ పేరు వాడు పలకడం అదే మొదటిసారి. జమ్ములమ్మ మళ్లీ సుత్తి అందుకుంది, అవసరం లేకపోయినా రేకు మీద రెండు దెబ్బలు వేసింది.

సాయంత్రం ఇంటికి చేరాం. మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. "ఏమైంది? కొత్తగ ఏమన్న రాసిండ్రా? నాకు కనపడదు, చదువు బిడ్డా."

దారిలో నిరోష రాసింది రాసినట్టే ఉంది. కాని చదవకపోతే ఆయనకు ఎట్లా తెలుస్తుంది? ఒక పేజీ తిప్పేస్తే చాలు. సాంసన్ ఆమె వైపు చూడనైనా చూడలేదు.

నిరోష గొంతు సవరించుకుంది. "రెండువేల నాలుగు, ఏప్రిల్ పది. శ్రీరంగాపూర్ దారిల మోరీ రాయికి గుద్దింది. ఎడమ రేకు సాపు, కింద ఆర్మ్ కొత్తది, గద్వాల జమ్ములమ్మ. అలైన్‌మెంట్ చేయించలే. నడిపింది నిరోష. లైసెన్సు లేదు. నాయనకు చెప్పలే."

ఆగింది. సాంసన్ చిన్నగా దగ్గాడు.

"పక్కన కూసున్నది నాగన్న తాత," అని పూర్తి చేసింది.

ఆకుపచ్చ గుడ్డ నా వైపు తిరిగింది. నేను పైకప్పు చూశాను.

మాస్టరు చెయ్యి చాచి, తెరిచి ఉన్న పేజీ మీద వేళ్లు ఆనించాడు. "ఫెయిర్ కాపీ అంటే తప్పులు తీసేసి రాసేది కాదు బిడ్డా," అన్నాడు. నిరోష కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు సరిగ్గ రాసినవ్. ఏం సాంసన్, ఇంత తెలిసి కూడ కొంటవా?"

"తెలిసింది కాబట్టే కొంట సార్. కాని పుస్తకం ఇంత సక్కగ రాయనీకి నాకు రాదు. సర్వీసు చేయించినప్పుడల్ల ఈడికొచ్చి రాయించుకపోత."

"ఐదు వేల కిలోమీటర్లకొకసారి వస్తే చాలు," అన్నాడు మాస్టరు.

మూడు వందల కిలోమీటర్లకే వచ్చాడు. అలైన్‌మెంట్ చేయించాడట, రాయించాలట. సరే, న్యాయమే. తర్వాత వెనక డోరులో చప్పుడు. తర్వాత ముందు డోరులో చప్పుడు. తర్వాత చప్పుడు ఆగిపోయిందని చెప్పడానికి వచ్చాడు. బండి మాత్రం మానవపాడు నుంచి పెండ్లిళ్లకు, దవాఖానలకు, పరీక్షలకు రోజూ తిరుగుతూనే ఉంది. నెలాఖరు పోయింది, కూలీల గుంపు పోయింది, సాంసన్ పోలేదు.

అక్టోబరులో, రెండో కంటి ఆపరేషన్ కూడా అయ్యాక, మాస్టరు గుడ్డ విప్పి కొత్త కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ రోజూ సాంసన్ వచ్చి ఉన్నాడు, డిక్కీలో ఏదో చప్పుడని. మాస్టరు పుస్తకం తెప్పించుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"మూడు నెలల్ల పదకొండు సార్లు చప్పుడా? ఇదేం బండయ్యా? మా ఇంటికాడున్నప్పుడు గింత రోగం లేకుండె!"

సాంసన్ చెవులు ఎర్రబడ్డాయి. నిరోష వాడిని ఒక చూపు చూసింది. గడ్డం మళ్లీ పైకి లేచింది.

"ఉన్నది ఉన్నట్టు రాయాలన్నది ఎవరో?" అంటూ పెన్ను వాడి చేతికిచ్చింది. "ఈసారి నువ్వే రాయి."

వాడు కుర్చీ అంచున కూర్చుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, చెమటలు కక్కుతూ రాశాడు. రెండు లైన్లకు పది నిమిషాలు పట్టింది. నేను మెడ సాచి చదివాను. ఐదో తరగతి చదువు ఇట్లాంటప్పుడే పనికొస్తుంది.

"బండికి ఏ చప్పుడు లేదు. పదకొండు సార్లు అబద్దం చెప్పిన. నిరోషను చూడనీకి వచ్చిన. ఇకముందు గూడ వస్త."

మాస్టరు పుస్తకం అందుకుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. చదివాడు. కూతుర్ని చూశాడు. ఆమె ఖండించలేదు, లోపలికి పారిపోనూ లేదు. వాడి పక్కన నిలబడి, తండ్రి కళ్లలోకే చూసింది. అప్పుడాయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ రెండు లైన్ల పక్కన మార్జిన్‌లో ఒక టిక్కు పెట్టాడు.

"మీ అమ్మకు వచ్చే ఆదివారం వీలైతదా?" అన్నాడు.